ఒక బంతికి ఒకరే వడ్డన

స్వోర్డ్స్‌లో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే డబ్లిన్ విమానాశ్రయంలో దిగే విమానాలు కనిపిస్తాయి. ముప్పై మంది పనిచేసే ఆ ఆఫీసులో సర్వర్ల బాధ్యత నాది. రాత్రి పదింటికి మొదలయ్యే మా బ్యాకప్ ముగిసేసరికి తెల్లవారుజామున మూడు దాటేది. డేటా 2 టెరాబైట్లు. సర్వర్‌కున్న నెట్‌వర్క్ కార్డు వేగం సెకనుకు 1 గిగాబిట్. లెక్క ప్రకారం 125 మెగాబైట్లు, చేతికి దక్కేది 110 చుట్టుపక్కల.

అలాంటిదే ఇంకో కార్డు పెట్టాను. రెండు కేబుళ్లూ స్విచ్‌కి తగిలించి, ఒకే దారిగా జతచేశాను. దీన్ని బాండింగ్ అంటారు. బ్యాకప్ అందుకునే పెట్టెకీ అలాగే చేశాను. సగం సమయంలో అయిపోతుందని ఆశపడ్డాను. మర్నాడు చూస్తే అవే అయిదు గంటలు. రెండో కార్డుకి పనే తగల్లేదు.

కారణం మా కోనసీమ పెళ్లిభోజనాల్లో దొరుకుతుంది. విస్తట్లో పప్పు, కూర, పులుసు, పెరుగు ఒకదాని వెనక ఒకటి రావాలి. ఒకే బంతిలో ఇద్దరు ఎవరికివారు పరుగెడుతూ వడ్డిస్తే పప్పుకంటే ముందే పెరుగు పడుతుంది. నెట్‌వర్క్‌లో డేటా కూడా ముక్కలుగా, వరస నంబర్లతో వెళుతుంది. వరస బాగా తప్పితే అవతలి కంప్యూటర్ మధ్య ముక్కలు పోయాయనుకుని మళ్లీ పంపమంటుంది, వేగం పడిపోతుంది. అందుకే నేను వాడిన తరహా బాండింగ్ ఇరువైపుల చిరునామాలతో లెక్క కట్టి, ఒక సంభాషణ మొత్తాన్ని ఒకే కేబుల్ మీద పంపుతుంది. ఇంకో బంతి వేస్తేనే రెండో మనిషికి పని. నా బ్యాకప్ అంతా ఒకే బంతి.

దారులు జతచేసే ఈ ఆలోచన పాతదే. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ పదహారు మామూలు కంప్యూటర్లను కలిపి బేవుల్ఫ్ అనే యంత్రాన్ని కట్టారు. అప్పటి 10 మెగాబిట్ల ఈథర్‌నెట్ ప్రాసెసర్ల వేగానికి చాలక, రెండు దారులు జతచేశారు. లినక్స్ బాండింగ్‌కి మూలం బెకర్ పనే. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకే మాట మీద నిలిచేలా 2000లో 802.3ఏడీ ప్రమాణం వచ్చింది.

నేను బ్యాకప్‌ని నాలుగు పనులుగా విడగొట్టాను. దారి ఎంచే లెక్కలో, ఒక్కో పనికీ వేరుగా ఉండే పోర్టు నంబర్లు కూడా చేరేలా సర్వర్‌లోనూ స్విచ్‌లోనూ మార్చాను. నాలుగు పనులూ రెండు కేబుళ్ల మీదా సర్దుకున్నాయి. ఇప్పుడు ఒంటిగంట దాటగానే ముగుస్తోంది. విడగొట్టడానికి వీల్లేని ఒకే పెద్ద ఫైలుకి మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. దానికి 10 గిగాబిట్ల కార్డే మందు.

నాకు ఈ జత విలువ పూర్తిగా తెలిసింది ఒక మధ్యాహ్నం. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఒక కేబుల్ ఊడిపోయింది. సర్వర్‌లోని లినక్స్ సెకనుకి పదిసార్లు కేబుళ్లను తడిమి చూసేలా ముందే పెట్టుకున్నాను. అది వెంటనే పనంతా రెండో దారికి మళ్లించింది. అకౌంట్స్‌లో నెలాఖరు లెక్కలు చేస్తున్న అమ్మాయి తలెత్తి చూడలేదు. రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కి పోతే ఆ స్విచ్ చచ్చిపోయిన రోజు రెండూ పోతాయి. ఆ సంగతి మరిచిపోకండి.

ఊడిన కేబుల్ని తిరిగి గుచ్చుతుంటే మా ఇంటి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. వడ్డించేవాళ్లలో ఒకరికి చెయ్యి నొప్పి పుట్టి బకెట్ దించితే, పక్కనున్నవాళ్లు అందుకునేవాళ్లు. బంతిలో కూర్చున్నవాళ్లకి ఆ సంగతే తెలిసేది కాదు.