ఖాళీ బండి ఎందుకు మోగింది?

మొన్న ఆదివారం పొద్దున్న ఎదురింటి కుర్రాడి పికప్ వచ్చి వీధిలో ఆగింది. చోడవరంలో సిమెంటూ ఇనుమూ ఎత్తుకుని, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి పాడేరులో దింపి వస్తాడు. తిరుగు బేరం తగిలితే అల్లమో గుమ్మడికాయలో వేసుకొస్తాడు, లేకపోతే ఖాళీగా దిగుతాడు. బండికి ఇంకా రెండేళ్లు నిండలేదు. నెలనెలా కిస్తీ కట్టుకోవాలి. తాళం తీసి జేబులో వేసుకుని మా అరుగు మీద కూలబడ్డాడు.

“మాస్టారూ, మళ్లీ క్రాస్ పోయిందండి. ఏడాదిలో ఇది మూడోది. గేర్ బాక్సులోనే తేడా ఉంది, దింపాలి అంటున్నారు.”

“మోత ఎప్పుడొస్తోంది?”

“అదే ఏటో అర్థం కావట్లేదండి. నిండు బరువుతో ఎక్కేటప్పుడు పెద్దగా ఉండదు. ఖాళీగా దిగొస్తుంటే, వడ్డాది దాటాక తిన్నని రోడ్డు మీద గుయ్యిమంటాది.”

బరువు మోసేటప్పుడు ఊరుకుని, ఖాళీగా ఉన్నప్పుడు మూలుగుతోంది. ఈ ఒక్క మాటతోనే నాకు గేర్ బాక్సు మీద అనుమానం సగం పోయింది. మా మనవడు పక్కనే నిలబడి వింటున్నాడు. “క్రాసంటే ఏంటి తాతా?” అన్నాడు.

చెబుతాను చిన్నా, కానీ ముందు గానుగ దగ్గర్నుంచి రావాలి. మన చుట్టుపక్కల బెల్లం వండే ఊళ్లలో ఒకప్పుడు చెరకు గానుగ ఎద్దులతోనే తిరిగేది. పది అడుగుల దూలం చివర ఎద్దుల జత. ఎద్దు నిలకడగా లాగే బలం దాని బరువులో పదోవంతు ఉంటుందని లెక్క. నాలుగొందల కిలోల ఎద్దు నలభై కిలోల బలంతో లాగుతుంది. జత కడితే ఎనభై. పది అడుగుల దూలం మీద అంత బలం పడితే, గానుగ రోలు దగ్గర తిప్పుడు బలం దాదాపు 2,400 న్యూటన్ మీటర్లు. ఈ కుర్రాడి బండి లాంటి దాని ఇంజిన్ తిప్పుడు బలం ఎంతనుకున్నావు? రెండొందలకు అటూ ఇటూ. అంటే ఉత్త తిప్పుడు బలంలో ఎద్దుల జతే పన్నెండు రెట్లు మిన్న!

మరి ఎద్దులు ఘాట్ మీద రెండు టన్నులు లాక్కెళ్లవేం? అవి నిమిషానికి రెండు మూడు చుట్లే తిరుగుతాయి, ఇంజిన్ రెండువేల చుట్లు తిరుగుతుంది. ఇంజిన్‌కి వేగం ఎక్కువ, బలం తక్కువ. ఆ వేగాన్ని కొంత వదులుకుని బలంగా మార్చుకోవడానికే గేర్ బాక్సు. మొదటి గేరులో ఒక అయిదు రెట్లు, వెనక ఇరుసు మధ్యలో పళ్ల చక్రాలుండే హౌసింగ్‌లో ఇంకో నాలుగు రెట్లు, మొత్తం ఇరవై రెట్లు అనుకో. ఇంజిన్ దగ్గర రెండొందలు ఉన్నది చక్రాల దగ్గరికి వచ్చేసరికి నాలుగువేలవుతుంది. పళ్ల చక్రం అంటే గుండ్రంగా చుట్టిన గానుగ దూలమే.

ఈ బలం ఒక దారిన నడిచి వస్తుంది. ఇంజిన్, క్లచ్, గేర్ బాక్సు, జాయింట్ షాఫ్టు, హౌసింగ్, ఇరుసులు, చక్రాలు. కొత్త బళ్లలో ఆ దారి మీద పడే దెబ్బ పెరిగింది. పాత డీజిల్ ఇంజిన్ నెమ్మదిగా ఊపు అందుకునేది. టర్బో, కామన్ రైల్ వచ్చాక పదిహేను వందల చుట్ల దగ్గరే పూర్తి బలం ఇచ్చేస్తోంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకు రెండు సార్లు పేలుతుంది కదా, ఆ వేగంలో సెకనుకు యాభై సమ్మెట పోట్లు! ఆ పోట్లు మెత్తబడటానికే ఫ్లైవీలు బరువుగా ఉంటుంది, క్లచ్ ప్లేటులో స్ప్రింగులు పెడతారు. ఎత్తు ఎక్కుతూ పెద్ద గేరులోనే బండిని ఈడ్చామనుకో, చుట్లు తగ్గి ఒక్కో పోటు విడివిడిగా పళ్లకు తగులుతుంది. బండి వణుకుతూ ఎక్కుతుందే, అది ఆ దెబ్బల వణుకు. ఒక గేరు తగ్గించి ఇంజిన్‌ని కాస్త అరవనిస్తే పళ్లు బతుకుతాయి. డీజిల్ మిగులుతుందని పెద్ద గేరు వదలని డ్రైవర్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇప్పుడు క్రాసు దగ్గరికి వద్దాం. గేర్ బాక్సు ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. హౌసింగ్ కమాను పట్టీల మీద గుంతకొకసారి ఎగిరి పడుతుంది. మన భీమిలి–నర్సీపట్నం రోడ్డు మీద ఎన్నిసార్లు ఎగురుతుందో నీకే తెలుసు. కదలని దాన్నుంచి ఎగిరే దానికి తిరుగుడు అందించాలంటే మధ్యలో మణికట్టు లాంటిది కావాలి. కూడిక గుర్తు ఆకారంలో చిన్న ఉక్కు ముక్క, నాలుగు కొసలకు నాలుగు టోపీలు, ఒక్కో టోపీలో సూదుల్లాంటి సన్నని బేరింగులు. అదే క్రాసు. 1676లో రాబర్ట్ హుక్ అనే ఇంగ్లిషు శాస్త్రజ్ఞుడు సూర్యుణ్ని చూసే పరికరాల గురించి రాసిన పుస్తకంలో ఇలాంటి జాయింటును వర్ణించాడు. సూర్యుడి కోసం ఆలోచించిన జాయింటు ఇవాళ సిమెంటు బస్తాలు మోస్తోంది. తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దీనికో గుణం ఉంది. షాఫ్టు తిన్నగా ఉన్నంతసేపు ఇటు ఎంత వేగమో అటూ అంతే. వంగిందా, అటువైపు తిరుగుడు సమంగా ఉండదు. ఒక్క చుట్టులోనే రెండుసార్లు తొందరపడి, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు అయిదు డిగ్రీలైతే ఆ తేడా వందలో అర వంతు కూడా ఉండదు. పది డిగ్రీలైతే ఒకటిన్నర. వంపు రెట్టింపైతే ఊగు నాలుగింతలన్నమాట. షాఫ్టు నిమిషానికి రెండువేలు తిరుగుతుంటే ఈ ఊగు సెకనుకు అరవై ఆరు సార్లు. కుర్రాడు “గుయ్యి” అన్నది ఆ అరవై ఆరే!

“బరువు ఎక్కువ మొయ్యాలని కమానుకి అదనంగా పట్టీలు వేయించావా నాయనా?” అనడిగాను.

తల దించుకున్నాడు. “పక్కకి రెండేసి వేయించానండి. అందరూ వేయిస్తారు కదండి.”

అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. తక్కువ బరువుకి కిరాయి గిట్టదు. కానీ లెక్క లెక్కే. పట్టీలు ఎక్కువైతే బండి వెనక భాగం లేచి నిలబడుతుంది. నిండు బరువు పడితే అణిగి షాఫ్టు దాదాపు తిన్నగా వస్తుంది, మోత ఉండదు. ఖాళీ అయిందా, ఛాసిస్ పైకి లేచి, కింద ఉన్న హౌసింగ్‌కి షాఫ్టు ఎక్కువ వాలుగా దిగాల్సి వస్తుంది. వంపు పెరుగుతుంది, ఊగు పెరుగుతుంది. ఆ పైన వేగంగా రావడం. అందుకే ఆ బండి ఖాళీగా ఉన్నప్పుడు మూలిగింది.

అయినా నా మాట మీద నిలబడిపోకుండా ముగ్గురం కలిసి ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాం. ఆయన బండి కిందకి దూరి, షాఫ్టు మీద బురద గుడ్డతో తుడిచి, “ఇటు చూడండి” అని టార్చి వేశాడు. షాఫ్టు రెండు ముక్కలు జారుతూ కలిసే చోట బాణం గుర్తులుంటాయి. రెండు కొసల్లోని క్రాసులూ ఒకే వరసలో ఉంటే, ముందుది చేసిన ఊగును వెనకది సరిచేస్తుంది. అంతకు ముందు క్రాసు మార్చిన చోట ఆ గుర్తులు కలపకుండా ఒక పన్ను పక్కకి బిగించేశారు. సరిచెయ్యాల్సిన ఊగు పూర్తిగా పోకుండా కొంత మిగిలిపోయింది. ఒక తప్పు మీద ఇంకో తప్పు. ఈ మధ్యలో పాపం గేర్ బాక్సు నిందమోస్తోంది.

మేస్త్రి పని చేస్తుండగా మనవడు క్లచ్ సంగతి అడిగాడు. ఘాట్ మలుపులో ముందు లారీ ఆగితే చాలామంది బ్రేకు వెయ్యరు, క్లచ్ సగం వదిలి బండిని అలా నిలబెట్టేస్తారు. మూడున్నర టన్నుల బండి, పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే వాలు, ఇంజిన్ వెయ్యి చుట్లు. లెక్క కడితే ఆ పల్చటి ప్లేటు మీద అయిదు కిలోవాట్ల వేడి పుడుతోంది. అయిదు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి ఒక పళ్లెం మీద పెట్టినట్టు! ఆ కాలిన వాసన క్లచ్ ప్లేటు పైపొరది. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే.

హౌసింగ్ గురించి కూడా ఒక్క మాట. ఘాట్ దిగి వేడిగా ఉన్న హౌసింగ్‌ని వానాకాలంలో తాచేరు, పెద్దేరు పొంగే చోట నీళ్లలో దింపితే, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుదించుకుపోతుంది. గాలి గొట్టం లోంచి, సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. తర్వాత ఆయిలు తెల్లగా పాలలా కనిపిస్తే పళ్లకు చేటు. వెంటనే మార్చెయ్యాలి.

టెక్సాస్‌లో ఉన్న మా అన్నయ్యగారి మనవడికి ఫోనులో ఇదంతా చెబితే, అక్కడా ఇదే గొడవ తాతా అన్నాడు. అక్కడి పికప్పులు మన లారీలంత, గేర్లు పది, మార్చేది కంప్యూటరు. 2024లో జనరల్ మోటార్స్ 4.6 లక్షలకు పైగా డీజిల్ బళ్లను వెనక్కి పిలిచింది. 2020 నుంచి 2022 దాకా వచ్చిన మోడళ్లవి. ఆయిలు ఒత్తిడిని నడిపే ఒక చిన్న కవాటం అరిగితే, గేరు దిగేటప్పుడు వెనక చక్రాలు క్షణం సేపు బిగుసుకుపోవచ్చని. అరుగుదలను ముందే కనిపెట్టి, అయిదో గేరు దాటనివ్వకుండా కాపాడే ప్రోగ్రాం ఒకటి ఆ బళ్లలో ఎక్కించారు. అంత పెద్ద బండికీ గండం అంత చిన్న కవాటం దగ్గరే వచ్చింది.

మధ్యాహ్నానికి మేస్త్రి బాణాలు కలిపి కొత్త క్రాసు బిగించాడు. పట్టీలు పక్కకి ఒక్కోటి తీసేశాడు. కుర్రాడు రెండోది కూడా తీసెయ్యమని తనంతట తనే అడిగాడు. ఖాళీ బండితో వడ్డాది దాకా వెళ్లొచ్చాం. మోత లేదు. మనవడు నా పక్కన, తీసేసిన పాత క్రాసును వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. దాని కొసల మీద సూదులు అచ్చుపడి సన్నని గీతలు దిగాయి. ఇంటికొచ్చేదాకా వాటిని లెక్కపెడుతూనే ఉన్నాడు.