పశ్చిమ ప్రకాశం తాగునీటిలో భారలోహాలు: క్యాన్సర్ ముప్పు అంచనా

ఉపోద్ఘాతం
మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాలలో తాగునీటి సమస్య అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా తొలుత నమోదు చేసినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ పరిసరాలలోనే. అయితే ఫ్లోరైడ్ పరీక్ష భారలోహాల గురించి ఏమీ తెలుపదు. ఆ పరీక్షలో సురక్షితమని తేలిన బోరునీరు క్యాన్సర్ దృష్ట్యా కూడా సురక్షితమని భావించరాదు.

శిలలు - లోహాలు
మార్కాపురం పలకరాయి నల్లమల శ్రేణిలోని కంభం శిలాసముదాయానికి చెందినది. ఇదే సముదాయంలో పూర్వపు గుంటూరు జిల్లా అగ్నిగుండాల వద్ద సీసం, రాగి ఖనిజాలున్నాయి. శిలలో లోహం ఉన్నంత మాత్రాన అది నీటిలో చేరదు. నీటి ఆమ్లత, ప్రాణవాయువు పరిమాణం, బోరు లోతు దానిని నిర్ణయిస్తాయి. కనుక ప్రతి బోరునూ విడిగా పరీక్షించవలసి ఉంటుంది.

ముప్పు లెక్కింపు
అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆర్సెనిక్, కాడ్మియం, ఆరు సంయోజకత గల క్రోమియంలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. వీటిలో తాగునీటి ద్వారా కలిగే హానికి బలమైన ఆధారాలున్నది ఆర్సెనిక్ విషయంలోనే. అది చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు దారితీస్తుంది.

భారతీయ ప్రమాణం ప్రకారం ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. అరవై కిలోల బరువున్న వ్యక్తి ఆ నీటిని రోజుకు 2 లీటర్లు తాగితే, కిలో బరువుకు సుమారు 0.00033 మిల్లీగ్రాములు శరీరంలో చేరుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చిరకాలం వాడిన 1.5 గుణకంతో దీనిని హెచ్చించగా 0.0005 వస్తుంది. అనగా జీవితకాలంలో 10,000 మందికి అదనంగా ఐదుగురికి ముప్పు. 2025లో ఆ సంస్థ ఈ గుణకాన్ని ఎంతగానో పెంచింది.

ఎండలో పనిచేసే వ్యవసాయ కూలీ, పలకల క్వారీ కార్మికుడు రోజుకు 4 లీటర్లు తాగితే ముప్పు రెట్టింపవుతుంది. నీటి నాణ్యత ఒక్కటే అయినా భారం శ్రామికుడిపై ఎక్కువ పడుతుంది.

ముగింపు
ఆర్సెనిక్‌కు రంగు, రుచి, వాసన లేవు. మరిగించినా అది తొలగదు. నీరు ఆవిరైన కొద్దీ గాఢత పెరుగుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో జరిగే పరిశోధనలు ఫ్లోరైడ్‌తో ఆగక, వేసవిలోనూ వర్షాల తరువాతా లోహాలను కొలవాలి. ప్రజలు వాస్తవంగా తాగే నీటి పరిమాణాన్ని వృత్తులవారీగా నమోదు చేయాలి. అప్పుడే ముప్పు అంచనా ఈ నేలకు వర్తిస్తుంది.