ఏడు మీద నిలిచిన ముల్లు

రాత్రి తొమ్మిది గంటలు. తిరుపతి కొర్లగుంటలో ఒక హ్యామ్ (అమెచ్యూర్ రేడియో ఆపరేటర్) తన రిగ్గును, అంటే రేడియో సెట్టును, 7 మెగాహెర్ట్జ్ మీద, అంటే 40 మీటర్ల బ్యాండు మీద పెట్టాడనుకుందాం. అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. అయినా సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు ముల్లు ఉత్త రొదకే 7 మీద కూర్చుంది. అదే రిగ్గును, అదే వైరు యాంటెన్నాను కరెంటు తీగ కంటికి ఆనని ఒక కొండవార పెడితే, మనుషుల పరికరాల రొద ఒక్కటే లెక్కిస్తే, ముల్లు 3కి దిగాలి. ఇవి ఊహించిన అంకెలు కావు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ పి.372 సిఫార్సులోని సూత్రానికి 7 మెగాహెర్ట్జ్, మాటకు సరిపడే 2.4 కిలోహెర్ట్జ్ వెడల్పు వేసి లెక్క కట్టినవి. నగరానికీ నిశ్శబ్దమైన పల్లెకూ తేడా 24 డెసిబెల్స్, పవర్‌లో 250 రెట్లు. అవతలి మనిషి 100 వాట్లతో పిలుస్తుంటే, ఈ రొదను దాటి అంతే స్పష్టంగా వినబడటానికి 25,000 వాట్లు పంపాలి.

పైగా ఆ సూత్రం వెనకున్న కొలతలు 1970ల నాటివి. అప్పటికి ఇళ్లలో ఫోన్ ఛార్జరూ లేదు, ఎల్ఈడీ బల్బూ లేదు.

నిశ్శబ్దాన్ని దోచే నేటి దొంగల్లో మొదటివాడు చాలాసార్లు హ్యామ్ బల్ల మీదే ఉంటాడు. 100 వాట్ల రిగ్గుకు 13.8 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు కావాలి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ సప్లై పది కిలోలు తూగుతుంది, కానీ దాని అల్లరి మహా అయితే 100 హెర్ట్జ్ గుయ్‌మనడం. సీసీటీవీలకూ ఎల్ఈడీ పట్టీలకూ అమ్మే 12 వోల్టుల, 30 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్ (స్విచ్ మోడ్ పవర్ సప్లై) తేలిక, చవక. అది కరెంటును సెకనుకు వేల సార్లు తరిగి వడ్డిస్తుంది. 65 కిలోహెర్ట్జ్ వేగంతో తరుగుతుందనుకోండి. దాని 108వ గుణిజం 7,020 కిలోహెర్ట్జ్, 109వది 7,085, 110వది 7,150. మన 40 మీటర్ల బ్యాండు 7,000 నుంచి 7,200 దాకానే. మూడు గుణిజాలూ నట్టింట్లో పడ్డాయి. లోడు మారితే అవి అటూ ఇటూ నడుస్తాయి కూడా.

మంచి కంపెనీ సరుకు కొంటే పోదా? కొంత పోతుంది. ఇళ్లలో వాడే పరికరాలు 5 నుంచి 30 మెగాహెర్ట్జ్ మధ్య కరెంటు తీగలోకి వదలగల రొదకు సిస్పర్ 32 క్లాస్-బి ప్రమాణం పెట్టిన హద్దు 60 డీబీ మైక్రోవోల్ట్, అంటే ఒక మిల్లీవోల్టు. రిగ్గు దగ్గర ఎస్9 అంటే 50 మైక్రోవోల్టులు. హద్దే దానికి 20 రెట్లు! అదంతా యాంటెన్నాకు చేరదు. పదో వంతు చేరినా ముల్లు 9 దాటుతుంది.

రేడియో నిశ్శబ్దం విలువ మన జిల్లాలవాళ్లకు కొత్త కాదు. పాకాల దారిలోని గాదంకిలో, జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో, 130 మీటర్ల చదరంలో 1,024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ ఉంది. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, హ్యాముల ఆరు మీటర్ల బ్యాండు ఒడిలోనే. 2.5 మెగావాట్ల పీక్ పవర్‌ను ఆకాశంలోకి పంపి, గాలి సుడుల నుంచి వెనక్కొచ్చే గుసగుసను వింటుంది. వంద సార్లు విని కూడితే చిందరవందర రొద మీద 20 డెసిబెల్స్ లాభం. ఎస్ఎంపీఎస్ గీత మాత్రం చిందరవందరది కాదు, సిగ్నల్‌లాగే పోగుపడగలదు. కూడికతో కడిగేసే వీలు లేదు. పుట్టినచోటే పట్టుకోవాలి.

పట్టుకోవడానికి బ్యాటరీని మించిన పనిముట్టు లేదు. కరకంబాడిలో అమరరాజా కర్మాగారం ఉండగా ఈ ఊరికి బ్యాటరీ కరువా! నిండా ఛార్జయిన లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టులిస్తుంది. చాలా రిగ్గులు 11.7 దాకా సర్దుకుంటాయి. ముందు సప్లై మీద ముల్లు ఎక్కడుందో రాసుకోండి. సప్లై ప్లగ్గు తీసి బ్యాటరీ మీద మళ్లీ చూడండి. తర్వాత ఇంటి మెయిన్ ఆపండి. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు: మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుంటుంది, దాని రొద మొదలవుతుంది. దాన్నీ ఆపాలి.

ముల్లు వరసగా 7, 6, 4 చూపిందనుకుందాం. సప్లై తీస్తే ఒక్క అంకె, ఇల్లు ఆపితే రెండు. పెద్ద దొంగ ఇల్లే అనిపిస్తుంది. కాదు. ఒక్కో అంకెకు పవర్ నాలుగు రెట్లు కాబట్టి మొదటి రొద 64 పాళ్లనుకుంటే సప్లై తీశాక మిగిలింది 16, ఇల్లు ఆపాక 1. అంటే సప్లైవి 48 పాళ్లు, ఇంటివి 15, వీధివి 1. సప్లైని అలాగే ఉంచి ఇంట్లోని బల్బులన్నీ మార్చి ఉంటే 64 కాస్తా 49 అయ్యేది, 1.2 డెసిబెల్స్ తగ్గేది. ముల్లు కదిలినట్టే కనబడదు. బల్బులది తప్పు కాదని తేల్చేసి, డబ్బు పోయిందని తిట్టుకునేవాళ్లం. అందుకే ఒక దొంగను పట్టాక వదలకుండా, అతన్ని బయటే ఉంచి రెండోవాడిని వెతకాలి. ఎంసీబీలు ఒక్కొక్కటిగా వేస్తూ, ఆపైన ప్లగ్గులు ఒక్కొక్కటిగా.

మందు ఫెరైట్ రింగు. తీగ మీద బిగించే చిన్న క్లిప్పు 7 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని పదుల ఓమ్‌లే అడ్డుపెడుతుంది, అలంకారానికి బాగుంటుంది. 31 రకం పెద్ద రింగులో తీగను పది చుట్లు తిప్పితే అడ్డు చుట్ల వర్గంతో పెరుగుతుంది, లెక్కకు వంద రెట్లు. చుట్ల మధ్య కెపాసిటెన్స్ అందులో కొంత తినేస్తుంది. డీసీ వైపు ప్లస్, మైనస్ రెండు తీగలనూ కలిపే తిప్పాలి. ఒక్కదాన్నే తిప్పితే 20 ఆంపియర్లకు రింగు మత్తెక్కి పనిచేయదు. ఎర్త్ తీగను మాత్రం రొద పేరు చెప్పి ఎన్నడూ తీయకండి.

ఇక వీధి. పొద్దు గుంకగానే పోయే రొద మేడ మీది సోలార్ ఇన్వర్టర్‌ది. ఎండల్లో బుర్రుమని, వాన పడగానే మాయమయ్యేది చాలావరకు స్తంభం మీద వదులైన కట్టుది. స్తంభం నంబరు రాసుకుని విద్యుత్ ఆఫీసులో ఇవ్వడమే, ఎక్కడం మన పని కాదు.

గంగమ్మ జాతర రోజుల్లో ఇవేవీ పనికిరావు. వీధంతా సీరియల్ సెట్లు. బ్యాటరీతో ఊరు దాటడమే దారి. 65 ఆంపియర్-అవర్ బ్యాటరీలో సగం వాడుకుంటామనుకుంటే 32. వినేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్, మాట్లాడేటప్పుడు సగటున 8. పావు వంతు సమయం మనమే మాట్లాడినా గంటకు మూడు ఆంపియర్-అవర్లు. పది గంటలొస్తుంది. బండి మీద పెట్టుకుని రాత్రి తొమ్మిదికి కొండవారకు పోతే తెల్లారేదాకా ముల్లు ఊళ్లోకన్నా కిందే.