పాత కంప్యూటర్ భాగానికి న్యాయమైన ధర ఎంత?

తూకం ధర వేరు.. పని ధర వేరు.. ముచ్చట ధర వేరు
ఇంటర్నెట్ బేరాల్లో తెలుసుకోవాల్సిన మెలకువలు

విజయవాడ: ఆటోనగర్‌లో పాత లారీ గేరుబాక్సు కొనే వ్యక్తి ముందుగా దాన్ని చేత్తో తిప్పి చూస్తాడు. పళ్లు అరిగాయో లేదో తడిమి తెలుసుకుంటాడు. ధర నచ్చకపోతే నాలుగడుగులు వేసి పక్క దుకాణంలో అడుగుతాడు. వెనక్కి పిలిస్తే మళ్లీ వచ్చి బేరం కుదుర్చుకుంటాడు. ఇంటర్నెట్‌లో సాగే పాత కంప్యూటర్ విడిభాగాల వ్యాపారంలో ఈ సౌలభ్యం లేదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్‌డిస్క్ వంటివి ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ గ్రూపుల ద్వారా చేతులు మారుతున్నాయి. కొనేవారికి కనిపించేది రెండు మూడు ఫొటోలు, వాటి కింద ఒక అంకె మాత్రమే. ఆ అంకె సబబైనదా కాదా అన్నదే చిక్కు. అవగాహన లేకపోతే పనికొచ్చే వస్తువు కిలోల లెక్కన పాత సామాన్ల బండి ఎక్కుతుంది. తూకానికి తప్ప దేనికీ కొరగానిది వేల రూపాయలకు ఇంటికొస్తుంది.

పాతవి ఎవరికి కావాలి?

కొత్త కంప్యూటర్లు సులువుగా దొరుకుతున్న కాలంలో ఇరవై ఏళ్లనాటి భాగాలతో పనేమిటని చాలామంది అనుకుంటారు. డెల్టాలో వాటి అవసరం ఇంకా తీరలేదు. ధాన్యం లారీలను తూచే కాటాల వద్ద, రైసుమిల్లుల్లో, రవాణా కార్యాలయాల్లో డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటర్ల చప్పుడు నేటికీ వినిపిస్తుంది. సూదులతో కాగితాన్ని కొట్టి అచ్చువేస్తాయి కనుక ఒకేసారి రెండు మూడు కార్బన్ ప్రతులు తీయడం వాటికే సాధ్యం. ఇంక్‌జెట్, లేజర్ ప్రింటర్లు ఆ పని చేయలేవు. పాత కాటాల్లో బరువు చూపే యంత్రం సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. పాత ప్రింటర్‌కు ప్యారలల్ పోర్టు కావాలి. నేటి కంప్యూటర్లలో అత్యధికం ఈ రెండూ లేకుండానే వస్తున్నాయి.

డీటీపీ కేంద్రాలది మరో అవసరం. యూనికోడ్ రాకముందు తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు పేజ్‌మేకర్‌లో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫైళ్లను ఉన్నదున్నట్లు తెరవాలంటే పాత సాఫ్ట్‌వేర్, దాన్ని నడిపే పాత యంత్రం ఉండటమే తేలిక మార్గం.

మూడో వర్గం సేకర్తలు. మెకానికల్ మీటలున్న టీవీఎస్ గోల్డ్ కీబోర్డు, 1990ల నాటి త్రీడీఎఫ్‌ఎక్స్ వూడూ గ్రాఫిక్స్ కార్డు వంటివి వీరికి అపురూపం. డాస్ కాలంలో కంప్యూటర్ తెరపై తెలుగు సహా భారతీయ లిపులను చూపించిన జిస్ట్ కార్డు కూడా ఈ కోవలోకే వస్తుంది. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టిన ఆ పరిజ్ఞానాన్ని పుణెలోని సీడాక్ అభివృద్ధి చేసింది. అటక మీది పాత పెట్టెలో అటువంటి కార్డు ఉంటే దాన్ని కిలోల లెక్కన ఇచ్చేయడం తొందరపాటే అవుతుంది.

ఒకే వస్తువుకు మూడు ధరలు

పాత భాగానికి స్థిరమైన ధర ఉండదు. కనీసం మూడు ధరలుంటాయి.

మొదటిది తూకం ధర. సర్క్యూట్ బోర్డుల్లో రాగి, కొద్దిపాటి బంగారం, వెండి, పల్లాడియం ఉంటాయి. పింగాణీ పలకపై చేసిన పాత ప్రాసెసర్లలో, ముఖ్యంగా 1995లో వచ్చిన పెంటియం ప్రోలో, బంగారం పాలు ఎక్కువ. అందుకే అది పనిచేయకపోయినా కొనేవారున్నారు. అయితే ఒక్కో చిప్‌లో ఉండేది గ్రాములో కొద్ది భాగమే. ‘లోపల బంగారం ఉంది’ అన్న మాట వినగానే మామూలు ప్రాసెసర్‌కు వేలు పెట్టనవసరం లేదు.

రెండోది పని ధర. ఆ భాగం లేకపోతే ఏ పని ఆగిపోతుందో, దాన్ని మరో విధంగా సాగించడానికి ఎంత ఖర్చవుతుందో దానిపై ఇది ఆధారపడుతుంది.

మూడోది ముచ్చట ధర. అరుదైన వస్తువు పట్ల సేకర్తకున్న మమకారమే దీనికి కొలమానం. 1976లో తయారైన ఆపిల్-1 కంప్యూటర్ ఒకటి 2014లో న్యూయార్క్ వేలంలో 9.05 లక్షల డాలర్లకు అమ్ముడైంది. ఇటువంటి వార్తలు చదివి ప్రతి పాత పెట్టెనూ నిధిగా భావించడం పొరపాటు. లక్షల సంఖ్యలో తయారైన మామూలు పెంటియం-4 కంప్యూటర్‌కు వయసు ఉంది గానీ అరుదుదనం లేదు.

అమ్మేవారు ముచ్చట ధర చెబుతుండగా కొనేవారు తూకం ధర అడిగితే ఆ బేరం ఎన్నటికీ తెగదు. ఇద్దరూ ఏ ధర గురించి మాట్లాడుతున్నారో ముందుగా తేలాలి.

లెక్క ఇలా వేయాలి

ఒక మిల్లులో కాటా కంప్యూటర్ మదర్‌బోర్డు పాడైందనుకుందాం. కొత్త కంప్యూటర్, సాఫ్ట్‌వేర్, అమరిక అన్నీ కలిపి రూ.40 వేలు అవుతుందనీ, అది ఎనిమిదేళ్లు పనిచేస్తుందనీ అనుకుంటే ఏడాదికి పడే ఖర్చు రూ.5 వేలు. అదే నమూనా పాత బోర్డు దొరికి రెండేళ్లు నడుస్తుందని భావిస్తే దాని విలువ రూ.10 వేలకు మించదు. అది అసలు పనిచేస్తుందో లేదో తెలియదు, అవకాశం సగమే అనుకుంటే విలువ రూ.5 వేలకు దిగుతుంది. అటువంటిదే మరొకరి వద్ద రూ.2,500కు ఉంటే గరిష్ఠ పరిమితి అదే. తూకానికి వేస్తే రూ.200 వస్తుందనుకుంటే అమ్మేవారికి కనిష్ఠ పరిమితి అది. బేరమంతా ఈ రెండు అంకెల మధ్యే సాగాలి. ఇవి కేవలం ఉదాహరణకు తీసుకున్న అంకెలు. ఎవరి లెక్క వారు వేసుకోవాలి.

ఈ లెక్కలో తేలే అసలు విషయం ఒకటుంది. బోర్డు పనిచేస్తుందని రుజువైతే దాని విలువ రెట్టింపవుతుంది. అంటే అమ్మేవారు మాటలతో కంటే పరీక్షించి చూపడం ద్వారానే మంచి ధర రాబట్టగలరు.

అవసరం ఎప్పుడు పడుతుందన్నదీ ముఖ్యమే. సార్వా ధాన్యం లారీలు కాటా వద్ద బారులు తీరిన రోజున బోర్డు కోసం వెదికే మిల్లు యజమాని అడిగినంతా ఇవ్వక తప్పదు. పని లేని నెలల్లో నింపాదిగా వెదికి ఒక అదనపు బోర్డు కొని దాచుకున్నవారికి ఈ తిప్పలుండవు.

చెప్పిన ధర.. తెగిన ధర

ఇంటర్నెట్‌లో ధర తెలుసుకునేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ప్రకటనల్లోని అంకెను మార్కెట్ ధరగా భావించడం. అది అమ్మేవారి ఆశ మాత్రమే. నెలల తరబడి అదే అంకెతో పడి ఉన్న ప్రకటనకు ఆ ధర వద్ద కొనేవారు లేరని అర్థం. అంతర్జాతీయ వేలం వేదిక ఈబేలో అమ్ముడైన వస్తువులను మాత్రమే వేరుచేసి చూసే వీలుంది. తెగిన ధర అక్కడ కనిపిస్తుంది. 1995లో ఆ వేదికపై మొదట అమ్ముడైంది పనిచేయని లేజర్ పాయింటర్. దానికి 14.83 డాలర్లు పలికిందంటే వస్తువు విలువను కొనేవారి ఆసక్తి ఎంతగా నిర్ణయిస్తుందో గ్రహించవచ్చు.

అయితే విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి యథాతథంగా అడగడం సరికాదు. అక్కడ సేకర్తలు ఎక్కువ. అక్కడి నుంచి తెప్పించాలంటే రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం అదనం. అక్కడికి అమ్మాలన్నా రవాణా భారం తప్పదు.

పాతబడే కొద్దీ ధర తగ్గుతుందన్న సూత్రం కూడా అన్నివేళలా నిలవదు. 2025లో కృత్రిమ మేధ డేటాసెంటర్ల గిరాకీ కారణంగా మెమొరీ చిప్‌ల ధరలు భగ్గుమన్నాయి. ఆ వేడి పాత డీడీఆర్4 ర్యామ్‌లకూ తాకింది. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత లేని యంత్రాలకు దాంతో గిరాకీ తగ్గింది. యంత్రం మొత్తంగా చౌక, దానిలోని ర్యామ్ విడిగా ప్రియం కావడం ఇలా సాధ్యమవుతుంది. అమ్మే ముందు విడివిడిగా లెక్క చూసుకోవడం మేలు.

నమ్మకమే అసలు సరుకు

పాత వస్తువు లోపం అమ్మేవారికి తెలుస్తుంది, కొనేవారికి తెలియదు. ఈ తేడా వల్ల కొనేవారు అనుమానంతో తక్కువకే అడుగుతారు. ఆ ధరకు మంచి సరుకున్నవారు అమ్మక తప్పుకొంటారు. చివరకు మార్కెట్‌లో నాసిరకమే మిగులుతుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో ఈ సంగతి వివరించారు. ఆయనకు 2001లో మరో ఇద్దరితో కలిపి ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. పాత కంప్యూటర్ భాగాలకూ ఇది అక్షరాలా వర్తిస్తుంది.

దీనికి విరుగుడు ఆధారాలు చూపడమే. హార్డ్‌డిస్క్ ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని సెక్టార్లు చెడ్డాయి అన్నది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాం చూపిస్తుంది. ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86తో పరీక్షించవచ్చు. బోర్డును నడిపి తెర వెలిగేవరకు ఆపకుండా తీసిన వీడియో, ఆనాటి తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి తీసిన ఫొటో అడగడం తప్పుకాదు.

మదర్‌బోర్డుపై నిలువు గొట్టాల్లా ఉండే కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. 2000 దశకం తొలినాళ్లలో తయారైన అనేక బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి కారిపోయాయి. 386, 486 కాలపు బోర్డుల్లో రీచార్జి బ్యాటరీ కారి పక్కనున్న రాగి గీతలను తినేస్తుంది. ఆకుపచ్చ, తెల్లని పొక్కులు దీనికి గుర్తు. మచిలీపట్నం, అవనిగడ్డ వంటి తీర ప్రాంతాల ఉప్పుగాలికి స్క్రూలు, పోర్టుల అంచులు తుప్పు పడతాయి.

విజయవాడలో మరో జాగ్రత్త అవసరం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. ఇళ్లలోని విద్యుత్ ఉపకరణాలు నానిపోయాయి. మునిగిన బోర్డు ఆరాక కొంతకాలం పనిచేసి ఆనక మొరాయించవచ్చు. స్లాట్ల లోపల, ఫ్యాన్ రెక్కల కింద సన్నని ఒండ్రు మట్టి కనిపిస్తే తూకం ధరకు మించి ఇవ్వకపోవడం మంచిది. అమ్మేవారు ఆ సంగతి ముందే చెప్పడం ధర్మం.

బేరానికీ ఓ మర్యాద

‘అన్నా, లాస్ట్ ఎంత?’ అన్న ఒక్క ముక్కతో మొదలయ్యే సందేశాలకు చాలాచోట్ల జవాబే రాదు. ‘బోర్డు ఫొటో చూశానండీ. కెపాసిటర్లు బాగానే ఉన్నాయి. ఆన్ చేసిన వీడియో ఉంటే పంపండి. పనిచేస్తుంటే రెండు వేలకు ఈరోజే వచ్చి తీసుకుంటాను’ అంటే అమ్మేవారు ఆలోచిస్తారు. ఎందుకు తగ్గించమంటున్నారో కారణం చెప్పాలి. తక్షణ చెల్లింపు, స్వయంగా వచ్చి తీసుకెళ్లడం, రెండు మూడు భాగాలు కలిపి కొనడం వంటివి ధర తగ్గించమనేందుకు సరైన కారణాలు. మరీ తక్కువకు అడిగితే సరుకు మరొకరికి వెళ్లిపోతుంది. మాట ఇచ్చాక ఇంటికొచ్చి మళ్లీ తగ్గించమనడం గ్రూపుల్లో చెడ్డపేరు తెస్తుంది. ‘పనిచేయకపోతే వారంలో డబ్బు వాపసు’ అని అమ్మేవారు రాసిస్తే కొంత ఎక్కువిచ్చినా నష్టం లేదు.

మోసాలతో జాగ్రత్త

డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే డబ్బు వస్తుందని చెప్పేవారిని నమ్మరాదు. సైనికోద్యోగినని, బదిలీపై వెళ్తున్నానని, ముందు కొంత పంపితే పార్శిల్ వేస్తానని చెప్పడం మోసగాళ్ల పాత ఎత్తుగడ. మోసపోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

హార్డ్‌డిస్క్ అమ్మేవారికీ ముప్పుంది. ఫైళ్లను డిలీట్ చేసినంత మాత్రాన అవి పోవు. డిస్క్ మొత్తాన్ని తిరగరాసే ప్రోగ్రాంతో శుభ్రం చేయాలి. ఆధార్ ప్రతులు, బ్యాంకు పత్రాలు ఉన్న డిస్క్‌ను నాలుగు వందల కోసం అమ్మడం కన్నా పగలగొట్టడమే క్షేమం.

అమ్ముడుపోనిది ఏం చేయాలి?

ఏ ధరకూ పోని భాగాలను చెత్తలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2022 ప్రకారం వీటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలే శుద్ధి చేయాలి. రాగి కోసం తీగలు కాలిస్తే డయాక్సిన్ల వంటి విషవాయువులు వెలువడతాయి. బంగారం కోసం ఆమ్లాల్లో ముంచితే మిగిలిన ద్రవం కాలువల్లో కలిసి సీసం, ఇతర లోహాలు నీటిని చెరుస్తాయి. కాలువ నీటిపై బతికే డెల్టాకు ఇది చిన్న విషయం కాదు. బండివాడు కిలోకు పది రూపాయలు ఎక్కువిచ్చినా ఆ ధరలో ఈ నష్టం కలిసి ఉండదు.

బేరానికి ముందు..

* భాగం నమూనా సంఖ్య సరిచూసుకోవాలి. ఒక్క అక్షరం తేడాతో అది యంత్రానికి అమరకపోవచ్చు.
* కావలసింది తూకం ధరా, పని ధరా, ముచ్చట ధరా అన్నది తేల్చుకోవాలి.
* చెప్పిన ధరలు కాక తెగిన ధరలు వాకబు చేయాలి.
* ఇవ్వగల గరిష్ఠ మొత్తం ముందే కాగితంపై రాసుకోవాలి.
* వీలైతే పగటిపూట, నలుగురూ ఉన్న చోట కలిసి, నడిపి చూశాకే చెల్లించాలి.
* పేరు, తేదీ, మొత్తం, సీరియల్ నంబరుతో రసీదు రాయించుకోవాలి.