చక్రం చెక్కే మిషనుకు కాపలా

రాగులు ఆడించే మిషను దగ్గర ఒకటి గమనించండి. మిషను నడిపే ఆయన ఊరికే నిలబడడు. పడే పిండిని చేత్తో పట్టి చూస్తాడు. పిండి మరీ వేడిగా ఉంటే రాళ్లు బిగిశాయని అర్థం. గింజలు అయిపోతే శబ్దం మారుతుంది. అది వినగానే మిషను ఆపుతాడు.

ఇనుము చెక్కే మిషనుకూ ఇట్లాంటి కాపలా కావాలి.

తిరుపతిలో రైలు పెట్టెలు బాగుచేసే పెద్ద కర్మాగారం ఉంది. రైలు చక్రాలు పట్టాల మీద తిరిగి తిరిగి అరిగిపోతాయి. అట్లే వదిలితే బండి పట్టాలు తప్పవచ్చు. అందుకే ఇట్లాంటి కర్మాగారాల్లో అరిగిన చక్రాన్ని లేతు మిషనుకు బిగించి చెక్కుతారు. చెక్కే గట్టి పలుకును టూలు అంటారు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ ఒకే కొలతకు రావాలి. ఎద్దుల బండి ఎరిగినవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు!

పూర్వం పనివాడు శబ్దం విని, రాలే ఇనుప పొట్టు రంగు చూసి, టూలు మొండిబారిందని కనిపెట్టేవాడు. ఇప్పుడు చాలాచోట్ల కంప్యూటరు చెప్పినట్లు మిషను తనంతట తానే చెక్కుతుంది. కానీ టూలు విరిగినా దానికి తెలియదు. దోసె మాడితే పొయ్యికి తెలుస్తుందా?

అందుకే సెన్సర్లు పెడతారు. సెన్సర్ అంటే కనిపెట్టి చెప్పే చిన్న పరికరం. ఒకటి మిషను అదురును చూస్తుంది. ఒకటి వేడిని చూస్తుంది. ఇంకొకటి చక్రం కొలత తీస్తుంది. మోటారు లాగే కరెంటును చూసేదీ ఉంది. మొండి కత్తిపీటతో గుమ్మడికాయ కోస్తే ఎంత బలం పెట్టాలి? టూలు మొండిబారితే మోటారూ అంతే, ఎక్కువ కరెంటు లాగుతుంది. అది హద్దు దాటగానే మిషను ఆగిపోతుంది.

ఆ హద్దు పెట్టేది మాత్రం మనిషే. తక్కువ పెడితే మిషను ఊరూరికే ఆగుతుంది. ఎక్కువ పెడితే చక్రం చెడిపోయాక ఆగుతుంది. సెన్సర్ మీద నూనె, పొట్టు పేరుకుంటే తప్పు కూడా చెబుతుంది. తుడుస్తూ ఉండాలి.

మనిషిని కాచే సెన్సర్లూ ఉన్నాయి. సత్యవేడు దగ్గర శ్రీసిటీ 2008లో మొదలైంది. పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు అక్కడికి బస్సుల్లో పనికి పోతున్నారు. కాబట్టి ఇది ఇంట్లో అమ్మలకూ తెలియాలి. రేకును అచ్చు గుద్దే మిషను ముందు కంటికి కనిపించని కాంతి కిరణాలు వరుసగా ఉంటాయి. చెయ్యి అడ్డం వస్తే మిషను ఆగుతుంది. పని త్వరగా కావాలని కొన్నిచోట్ల దీన్ని పనిచెయ్యకుండా చేస్తారు. అప్పుడు పోయేది వేళ్లే. అట్లాంటి మిషను ముందు కూర్చోనని చెప్పవచ్చు. రక్షణ పెట్టవలసింది యజమాని అని చట్టమే చెబుతోంది.