సంఘపు చందా బకాయి – గృహముల వేలము

టెక్సాసు రాష్ట్రమున ప్రతిమాసము మొదటి మంగళవారమునాడు, ఉదయము 10 గంటలు మొదలు సాయంకాలము 4 గంటలలోపుగా, కౌంటీ కచేరీయొద్ద గృహముల వేలము జరుగును. బ్యాంకి యప్పు తీర్పజాలక యిండ్లు పోగొట్టుకొనువారే యచ్చట నెక్కువ. ఇందు వింత లేదు. తనఖా పెట్టినవాడు బాకీ చెల్లింపనిచో ఆస్తి పాటకు వచ్చుట మన జిల్లాలలో నెఱుగనివా రెవరు? కాని ఆ పాటలోనే, బ్యాంకికి ఒక్క డాలరైనను బాకీ లేని గృహములు సైతము, వీధిప్రక్కల గడ్డి కోయించుటకును ఈతకొలను బాగుచేయించుటకును ఏర్పడిన యొక యిరుగుపొరుగు సంఘమునకు చందా చెల్లింపని కారణమున, వేలము వేయబడుట కలదు. ఈ సంగతి మన దేశమున చాలమందికి దెలియదు. తెలియవలసిన యవసరము మాత్రము నానాటికి హెచ్చుచున్నది. డల్లాసు పరిసరములందలి ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగు మొదలగు పట్టణములందు మన తెలుగువారు పెక్కుమంది యిండ్లు కొని కాపురము లుంటున్నారు. ఆ యిండ్లలో కొన్నింటికి తొలి సొమ్ము కృష్ణా గోదావరీ తీరములందలి పొలము లమ్మి తండ్రులు పంపినదే.

ఆ ఫ్రిస్కోలోనే 2008వ సంవత్సరమున జరిగిన యుదంత మొకటి తరువాత అమెరికా దేశమంతట పత్రికలకెక్కినది. ఒక సైనికాధికారి ఇరాకు యుద్ధమున నుండెను. ఆయన గృహము విలువ సుమారు 3 లక్షల డాలర్లు. దానిపై బ్యాంకి యప్పు లేదు. భర్తను గూర్చిన దిగులుతో క్రుంగియున్న భార్య గుట్టలుగ వచ్చిపడిన యుత్తరములను విప్పి చూడలేదు. వానిలో సంఘమువారి నోటీసు లుండెను. బకాయి వేయి డాలర్లకు లోపు. ఇల్లు 3,500 డాలర్లకు పాటలో పోయినది! యుద్ధసేవలో నున్న సైనికుని యాస్తిని సామాన్యరీతిని వేలము వేయరాదను కేంద్రచట్టము ఆ దేశమున నుండుటచే వ్యాజ్యము నడచి, 2010లో రాజీ కుదిరి, ఇల్లు తిరిగి వారికి దక్కెను. ఆ చట్టము సైనికునికే గాని తక్కిన గృహస్థులకు గాదు.

అంతకుముందు 2001లో హ్యూస్టను నగరమున, ఎనుబదియేండ్లు దాటిన యొక వితంతువు గృహము, లక్షన్నర డాలర్ల విలువ గలది, కొన్నివందల డాలర్ల చందాబకాయికై 5,000 డాలర్లకు అమ్ముడుపోయినది. ఆ గగ్గోలు చల్లారకముందే టెక్సాసు శాసనసభ గృహస్వాముల రక్షణచట్టమును చేసినది. ఒక ముదుసలి వీధిన పడిన గాని శాసనసభలకు మెలకువ రాదనుట ఏ దేశమునకైనను చెల్లును కాబోలు.

ఈ సంఘములెట్టివో చెప్పవలెను. వ్యాపారి యొకడు విశాలమగు భూమిని గొని, ప్లాటులుగ విభజించి, ఒక్క ప్లాటైనను అమ్మకముందే ఒక నిబంధనపత్రమును వ్రాసి కౌంటీ కార్యాలయమున రిజిస్టరు చేయించును. గోడకు రంగేది, గడ్డి యెంత యెత్తు, కారెచ్చట నిలుపవలెను, చందా యెంత, ఎగవేసినచో నేమగును – సమస్తమును అందుండును. ఆ నిబంధనలు మనిషిని గాక భూమిని పట్టుకొని యుండును. కొన్నవాడు చదివినను చదువకున్నను, వానికిని వాని తరువాత కొన్నవానికిని అవి కట్టుబాటే. సంఘమున చేరుట యిష్టాధీనము గాదు; ఇల్లు కొనుటయే చేరుట. చందా బాకీపడిన దినమునుండి దాని భారము ఆ గృహముపై తనఖావలె నిలుచును. దీనిని వారు లీన్ అందురు. 1970లో ఆ దేశమున నిట్టి సంఘములు సుమారు 10,000 మాత్రమే. నేడు మూడున్నర లక్షలకు మించినవి, వాని నీడను సుమారు ఏడున్నర కోట్లమంది నివసించుచున్నారు. పురపాలకసంఘములకు ఇది మిక్కిలి సంతోషకరము. రోడ్లు, మురుగుకాలువలు, తోటలు సంఘము చూచుకొనును. ఇంటిపన్ను మాత్రము పట్టణమునకు యథాప్రకారము ముట్టును.

ఈ పత్రముల పూర్వచరిత్ర మనవారు మఱవదగినది గాదు. తెల్లవారు గానివారికి ఇల్లు అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతులు ఒకప్పుడు వీనియందే వ్రాయబడియుండెను. కొన్నింట ఆసియావాసులను పేర్కొనియే నిషేధించిరి. 1948లో అమెరికా సుప్రీముకోర్టు అట్టి షరతులను కోర్టులు అమలు జరుపరాదని తీర్పు చెప్పువరకు అవి దర్జాగ నడచినవి. వర్ణభేదపు షరతు పోయినది. భూమితో పాటు కదలు కట్టుబాటను పనిముట్టు మాత్రము అట్లే నిలిచినది.

టెక్సాసు ఈ విషయమున మరియొక విపరీతమునకు నెలవు. కాపురమున్న యిల్లు సామాన్యపు ఋణదాతలకు దక్కరాదని 1839లోనే, అది స్వతంత్ర గణరాజ్యముగ నున్న కాలముననే, చట్టము చేసిన రాష్ట్రమది. వ్యాపారి బాకీకి గాని, వైద్యుని బాకీకి గాని అచ్చట ఇల్లు పోదు. అయినను 1987లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు, నిబంధనపత్రము గృహస్థుడు కాపురమునకు రాకముందే రిజిస్టరైనది గనుక సంఘపు భారమే ముందుదని నిర్ణయించినది. తర్కము నిర్దుష్టమే. న్యాయము మాట వేరు.

మన పాఠకులలో భూస్వాములకు శిస్తు బకాయి, డిమాండు నోటీసు, జప్తు, దండోరా, వేలము అను వరుస పెద్దల నోట విన్నదే. 1864నాటి మద్రాసు రెవిన్యూ వసూలు చట్టము క్రింద ఎన్ని పొలములు చేతులు మారినవో గ్రామగ్రామమునకు దెలియును. కాని అచ్చట వసూలు చేయువాడు సర్కారు. జమీందారు సైతము 1908నాటి ఎస్టేటు భూముల చట్టము వచ్చిన పిదప రయితు కమతమును అమ్మింపగోరినచో కలెక్టరు గడప ద్రొక్కవలసియుండెను. టెక్సాసు సంఘములలో పెక్కింటికి 2012వఱకు ఆపాటి ఆటంకమును లేకుండెను. నిబంధనపత్రమున అమ్మకపు అధికారము వ్రాసియున్నచో కోర్టు మెట్లెక్కకయే ఆ మెట్లకడ ఇల్లు వేలము వేయుచుండిరి. పరాయిప్రభుత్వము క్రింద మన రయితునకున్న పాటి విచారణ స్వతంత్రదేశపు గృహస్థునకు లేకపోవుట మా కత్యాశ్చర్యముగ నున్నది.

చిన్న బకాయి పెద్దదగు విధమును గమనింపుడు. ఏడాది చందా 600 డాలర్లనుకొందము. గడువు మీరినచో ఆలస్యపు రుసుము, వడ్డీ. పిమ్మట వసూలుదారు రుసుము. ఆపై వకీలు వ్రాసిన ప్రతి యుత్తరమునకును ఫీజు. గృహస్థుడు మేల్కొని 600 పంపినచో, పూర్వము సంఘమువారు దానిని ముందుగ జరిమానాలకును వకీలు ఫీజునకును జమకట్టుచుండిరి. అసలు చందా అట్లే నిలిచి, దానితో పాటు వేలపు బెదరింపును నిలిచెడిది. 2011నాటి టెక్సాసు సవరణ ఈ వరుసను తిరుగవేసినది. చెల్లించిన సొమ్ము మొదట పాత చందాకు, పిదప నడుచు చందాకు, తరువాత వకీలు ఫీజునకు, అటుపిమ్మట జరిమానాలకు జమ కావలెను. కోర్టుత్తరువు లేక వేలము కూడదనియు ఆ సవరణమే విధించినది. అది 2012 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. కేవలము జరిమానాలకై గృహము నమ్మరాదు. 2023లో చేసిన మరియొక చట్టమువలన, రెండు నోటీసు లిచ్చి, రెండవదానికి పిమ్మట 90 దినములు గడచిన గాని బకాయిభారమును కౌంటీలో నమోదు చేయింపరాదు.

కాలిఫోర్నియాలో 2006నుండి, అసలు చందాబాకీ 1,800 డాలర్లకు చేరిన గాని, లేదా పండ్రెండు మాసములు మించిన గాని, వేలము లేదు. నెవడా మాత్రము వేరుదారి పట్టినది. అచ్చట సంఘపు బకాయిలో తొమ్మిదిమాసముల చందా బ్యాంకి తనఖాకన్నను ముందుదనియు, దానికై సంఘము ఇల్లు అమ్మినచో బ్యాంకి తనఖాయే రద్దగుననియు 2014లో ఆ రాష్ట్ర సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. బ్యాంకులు లబోదిబోమన్నవి. గృహస్థుడు మొత్తుకొన్నప్పుడు వినని చెవులకు బ్యాంకుల గోడు వెంటనే వినబడినదని చెప్పనక్కరలేదు.

సంఘములవారి వాదమును వినకుండుట ధర్మము గాదు. ఒకడు చందా ఎగవేసినచో ఆ భారము చెల్లించువారిపై బడును. భీమా, నీరు, దీపము, కప్పుల మరమ్మతు ఆగవు. పలు కుటుంబముల భవనములలో నిది మరింత నిజము. వసూలునకు అధికారము వలదని మే మనుటలేదు. వేయి డాలర్ల బాకీకి మూడులక్షల గృహమును మూడువేలకు అమ్ముట వసూలా, దోపిడియా యని మా ప్రశ్న. అమ్మగా మిగిలిన సొమ్ము గృహస్వామికే చెందునని చట్టము చెప్పును, నిజమే. కాని 3,500కు అమ్మినచో మిగులున దేమి? 2023లో అమెరికా సుప్రీముకోర్టు, మినియాపోలిసునందలి తొంబదినాలుగేండ్ల వృద్ధురాలి యింటిని పన్ను బకాయి 15,000 డాలర్లకై 40,000కు అమ్మి, మిగులు కూడ కౌంటీ దిగమ్రింగుట రాజ్యాంగవిరుద్ధమని న్యాయమూర్తులందఱు నేకగ్రీవముగ తీర్పు చెప్పిరి. ఆ తీర్పు ప్రభుత్వమునకు కళ్ళెము. సంఘము ప్రభుత్వము గాదు, ప్రైవేటు సంస్థ. రాజ్యాంగపు టాంక్షలు సామాన్యముగ దానికి దగులవు. పన్ను వేయుట, శిక్ష వేయుట, ఆస్తి నమ్ముట అను దొరతనపు లక్షణములన్నియు నుండియు దొరతనపు బాధ్యత మాత్రము లేని వ్యవస్థ యిది.

ఇక అచ్చటి మన వారికి వ్రాయదగిన మాటలు కొన్ని కలవు. తండ్రులు ఉత్తరమున వ్రాసినను ఫోనున జెప్పినను సరియే. బ్యాంకివారు నెలసరి వాయిదాతో పన్నును, భీమాను వసూలు చేసి కట్టుదురు గాని, సంఘపు చందాను సాధారణముగ కట్టరు. అంతయు బ్యాంకియే చూచుకొనుచున్నదను భ్రమ చాలమందికి మొదటి దెబ్బ. ఉద్యోగము మారియో, స్వదేశమునకు మరలియో, ఇంటిని అద్దెకిచ్చినవారు క్రొత్త చిరునామాను సంఘమునకు వ్రాతపూర్వకముగ, రశీదు వచ్చు తపాలాలో తెలుపవలెను. లేనిచో నోటీసులు అద్దెదారు చేతబడి చెత్తబుట్ట చేరును. తోట బాగుచేయలేదనియో, అధ్యక్షునితో వైరమనియో చందా నిలుపరాదు. కోర్టులు సామాన్యముగ ఆ సాకును వినవు. ఆక్షేపణ వ్రాసి చందా చెల్లించి, తగవు వేఱుగ నడుపుకొనవలెను.

వకీలునుండి యుత్తరము వచ్చినచో మొదట లెక్క అడుగుడు. చందా యెంత, జరిమానా యెంత, ఫీజు లెంత, విడివిడిగ వ్రాయుమనుడు. 1977నాటి కేంద్ర ఋణవసూలు చట్టము క్రింద, వసూలుదారు బాకీ వివరములు తెలిపిన 30 దినములలో వ్రాతమూలకముగ వివాదపఱచినచో, బాకీకి నిదర్శనము చూపువఱకు వసూలు నిలుపవలసి యుండును. టెక్సాసులో కిస్తీలు కోరు హక్కు కలదు. 14కు మించిన ప్లాటులున్న సంఘము కనీసము మూడుమాసముల గడువైన నీయవలెను. వేలము తప్పదనిపించినచో దివాలాచట్టపు 13వ అధ్యాయము క్రింద అర్జీ పెట్టి, బకాయిని మూడునుండి ఐదేండ్లలో తీర్చుకొను మార్గ మున్నది. దానికి ఆ రాష్ట్రపు వకీలును సంప్రతింపక తప్పదు. వేలము జరిగిపోయినను ఆశ వదలవలదు. టెక్సాసులో, వేలము జరిగినదని సంఘము నోటీసు పంపిన దినమునుండి 180 దినములలోపల, కాలిఫోర్నియాలో కోర్టు లేక జరిగిన వేలమైనచో 90 దినములలోపల, బకాయియు ఖర్చులును చెల్లించి ఇల్లు విడిపించుకొనవచ్చును. ఈ గడువు దాటినవారికి తలుపు మూయబడును.

కొలరాడో రాష్ట్రము 2022లో చేసిన చట్టము వీనన్నింటికన్న మేలు. కేవలము జరిమానాలకై వేలము కూడదు. బకాయి తీర్చుటకు 18 మాసముల కిస్తీ లీయవలెను. గృహస్వామి తనకు తెలిసిన భాషను ముందుగ సూచించినచో నోటీసు ఇంగ్లీషుతో పాటు ఆ భాషలోను పంపవలెను. డెన్వరు ప్రాంతమున ఇల్లు కొన్న మన వారు ఆ భాష తెలుగని వ్రాసి యీయవచ్చును.