నిప్పుల గుండము: నిజానిజములు

మొహర్రం మాసమున పీర్ల పండుగనాడు నిప్పుల గుండము త్రొక్కుట మన గ్రామములలో చాలమంది చూచినదే. హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొను వేడుక అది. కణకణలాడు నిప్పులపై నడచిన వాని పాదములు కాలకపోవుట చూచి కొందరు మహిమ యందురు, కొందరు మోసమందురు. పరీక్షింపక తీర్పు చెప్పుట ఇరువురి దోషమని మా అభిప్రాయము.

1935 సెప్టెంబరులో ఇంగ్లండునందలి కార్షాల్టన్ అనుచోట హ్యారీ ప్రైస్ అను పరిశోధకుడు, కాశ్మీరు వాసియైన ఖుదాబక్ష్ చేత గుండము త్రొక్కించెను. ముందుగా అతని పాదములను పరీక్షించిరి; లేపనమేదియు లేదు. నిప్పుల పైభాగపు వేడి 430 సెంటీగ్రేడు డిగ్రీలు. అతడు నడచెను, పాదములు కాలలేదు. కనుక మోసము లేదు. 1937లో అహ్మద్ హుస్సేన్ అను మరియొకరిని పరీక్షించినపుడు, ఏ సాధనయు లేని ఒక ఆంగ్లేయుడు కూడ నడచి క్షేమముగా వెలుపలికి వచ్చెను. కనుక మహిమయు అవసరము లేదు.

కారణము బొగ్గునందే కలదు. తందూరు భట్టీలో రొట్టె అంటించువాడు లోపలికి చేయి పెట్టి తీయును, చేయి కాలదు. అదే వేడిగల ఇనుప చువ్వను తాకినచో బొబ్బ లేచును. వేడి ఎంత యున్నదనుట ఒకటి, అది ఎంత వేగముగా చర్మమునకు చేరుననుట వేరొకటి. బొగ్గు ఇనుముకంటె వందల రెట్లు మందముగా వేడిని ప్రసరింపజేయును. పైనున్న బూడిద దానిని మరికొంత అడ్డుకొనును. ఒక్కొక్క అడుగు నిప్పుపై నిలుచునది క్షణకాలమే.

ఇందువలన ప్రయోజనమేమని విద్యార్థులు అడుగవచ్చును. నడక తడబడినను, నిప్పులలో లోహపు ముక్క యున్నను పాదములు కాలును. అపుడు ఆ అభాగ్యునికి కాలిన బాధతోపాటు, భక్తి చాలలేదను నింద కూడ మిగులును. కారణము తెలిసినవారు అతనిని నిందింపక వైద్యుని యొద్దకు గొనిపోవుదురు. ఇది చదివి ఎవ్వరును గుండము త్రొక్క సాహసింపరాదని మా మనవి.

ఏ అద్భుతము విన్నను మూడు ప్రశ్నలు అడుగుదము: కొలిచినవారెవరు? ముందుగా పరీక్షించిరా? నమ్మకము లేనివానికిని అదే ఫలితము కలుగునా? పెద్దల విశ్వాసమును గౌరవించుచునే ఈ ప్రశ్నలు అడుగవచ్చును.